కడుపు మాట

(ఉగాది సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మొదటే ఒక క్షమాపణ చెప్పుకోవాలి. మా తెలుగు రాత్రిబడి తెలుగు. తాతగారు విశాఖపట్నం జిల్లా నుంచి ఓడెక్కి పెరాక్‌లోని కొబ్బరి తోటకు కూలిగా వచ్చారు. నాన్నగారు ఆ తోట లైన్లలోనే పుట్టారు. మేము మూడవ తరం. పగలంతా ఇంగ్లీషులోను, మలాయ్‌లోను ముప్పై నాలుగేళ్లు పాఠాలు చెప్పి, సాయంత్రం అదే బల్లల మీద పిల్లల పక్కన కూర్చుని ఒత్తులు, దీర్ఘాలు దిద్దుకున్నాము. ఇప్పటికీ ళకారం దగ్గర మా నాలుక తడబడుతుంది. మీరు సర్దుకుని వినాలి.

కార్యదర్శిగారు మమ్మల్ని “మన భాష, మన వంట” అనే విషయం మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు. వంట గురించి మాట్లాడితే కడుపు గురించి మాట్లాడక తప్పదు కదా అని మేము ఆయనతో అన్నాము. ఆయన నవ్వి సరేనన్నారు. మేము నవ్వులాటకు అనలేదని ఆయనకు అప్పుడు తెలియదు.

మా అమ్మాయి యు.ఏ.ఈ.లో అల్ నహ్దా అనే పేటలో ఉంటోంది. 2018లో సరుకుల రవాణా చేసే ఒక ఆఫీసులో లెక్కల విభాగంలో చేరింది. అల్ నహ్దా అంటే ఒక పేరుతో రెండు ఊళ్లు. ఒక భాగం దుబాయిలో ఉంది, ఒక భాగం షార్జాలో ఉంది. మధ్యలో కనబడే గోడ ఏమీ లేదు. కాని అటు అద్దె ఎక్కువ, ఇటు తక్కువ. అందుచేత చాలామంది లాగే అది కూడా షార్జా వైపు కాపురం, దుబాయి వైపు ఉద్యోగం పెట్టుకుంది. పటం మీద చూస్తే జానెడు దూరం. పొద్దున్న ఏడున్నరకు బండి ఎక్కితే ఆ జానెడు దాటడానికి ఒక్కొక్క రోజు ముప్పావు గంట పట్టేది. మామూలు మనిషికి ఇది విసుగు. మా పిల్లకు అది భయంగా మారిన సంగతి మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

2020లో దానికి విరేచనాలు మొదలయ్యాయి. ఫోనులో చెబితే మేము ఏమన్నాము? వాము నమలమన్నాము. మెంతులు మజ్జిగలో నానబెట్టి తాగమన్నాము. దానిమ్మ తొక్క కషాయం ఎలా కాచాలో మా వారు పక్కనుంచి గట్టిగా అరిచి చెప్పారు. “బయటి తిండి మానెయ్యి, వేడి చేసింది” అన్నాము. అదీ అన్నీ చేసింది పాపం. నాలుగు నెలలు గడిచాక ఒక రాత్రి ఫోను చేసి, “అమ్మా, నెత్తురు పడుతోంది” అన్నది.

తోటలో పుట్టినవారికి ఆ మాట వింటే ఒళ్లు చల్లబడుతుంది. మన తాతల కాలంలో మలేరియా తర్వాత తోటల్లో మనుషుల్ని ఎక్కువగా తీసుకుపోయినవాటిలో నెత్తురు విరేచనాలు ఒకటి. మా తాతగారి తమ్ముడు అలాగే పోయారట. ఆ కబురు ఇంట్లో ఎవరూ గట్టిగా చెప్పేవారు కారు, గుసగుసగా చెప్పేవారు.

అక్కడి డాక్టరు పరీక్షలు చేయించారు. ముందు మలంలో సూక్ష్మజీవులున్నాయేమో చూశారు. తర్వాత కాల్‌ప్రొటెక్టిన్ అనే పదార్థం ఎంత ఉందో చూశారు. పేగులో వాపు ఉంటే అది పెరుగుతుందట. తర్వాత కొలనోస్కోపీ, అంటే గొట్టం వంటి కెమేరాతో పెద్దపేగు లోపల చూసి, చిన్న చిన్న ముక్కలు తీసి పరీక్షకు పంపడం. 2021 మొదట్లో పేరు తేలింది: అల్సరేటివ్ కొలైటిస్. పెద్దపేగు లోపలి పొరలో వాపు, పుండ్లు. ఒంటిని కాపాడవలసిన రక్షణ శక్తి తన సొంత పేగు మీదనే తిరగబడుతుంది. ఎందుకు తిరగబడుతుందో వైద్యులకు ఇంకా పూర్తిగా అంతుపట్టలేదు. 1859లోనే లండనులో శామ్యూల్ విల్క్స్ అనే వైద్యుడు దీన్ని వేరే జబ్బుగా గుర్తించి రాశాడు. అంటే ఇది ఫాషను జబ్బు కాదు, నిన్న మొన్నటిదీ కాదు.

ఇక్కడ ఒక మాట విడమరచి చెప్పాలి, ఎందుకంటే సభలో చాలామంది “మాకూ కడుపు బాగుండదు” అనుకుంటూ ఉంటారు. ఐ.బి.ఎస్. అని ఒకటుంది. అందులో నొప్పి, ఉబ్బరం, విరేచనాలో మలబద్ధకమో ఉంటాయి, కాని కెమేరాతో చూస్తే పేగు మామూలుగానే కనిపిస్తుంది. అది బాధ పెడుతుంది గాని పేగును పాడు చేయదు. మా అమ్మాయిది ఆ కోవకు చెందదు. కొలైటిస్, క్రోన్స్ అనేవి పేగును పుండు చేస్తాయి. నెత్తురు పడడం, రాత్రి నిద్రలో లేచి పరుగెత్తడం, కారణం లేకుండా బరువు తగ్గడం, వీటిలో ఏది ఉన్నా వాముతో కాలక్షేపం చేయకూడదు. మేము చేశాము. నాలుగు నెలలు పోయాయి. క్రోన్స్ జబ్బు విషయంలో మన దేశాల వారికి ఇంకొక చిక్కు ఉంది: పేగుల క్షయ కూడా చూడడానికి అచ్చం అలాగే ఉంటుంది. ఒకదానికి వేయవలసిన మందు రెండవదానికి వేస్తే ప్రమాదం. అందుకే ఆ ముక్కల పరీక్ష.

తిండి వల్ల వచ్చిందా అని మేము డాక్టరును ఫోనులోనే పదిసార్లు అడిగించాము. గోంగూర వల్ల గాని, సంబల్ వల్ల గాని రాలేదన్నారు. జబ్బు రేగినప్పుడు కారం, పీచు, కొందరికి పాలు ఇబ్బంది పెట్టవచ్చు, అప్పుడు తగ్గించుకోవాలి. నెమ్మదించాక మళ్లీ మామూలు తిండి తినాలి అన్నారు. అన్నీ మానేసి చిక్కిపోతే అది ఇంకొక జబ్బు. ఐ.బి.ఎస్. ఉన్నవారికి మాత్రం ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయం వారు తయారు చేసిన ఒక ఆహార పద్ధతి ఉంది. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, కొన్ని పప్పులు కొన్ని వారాలు మాని, తర్వాత ఒక్కొక్కటే తిరిగి చేర్చి ఏది పడదో కనిపెట్టడం. ఉల్లి, వెల్లుల్లి, పప్పు తీసేస్తే మన వంటింట్లో ఏం మిగులుతుందని మా వారి ప్రశ్న. అన్నం, చారు, బెండకాయ మిగులుతాయి, అది చాలదా అని మా జవాబు. కాని దాన్ని ఎవరికి వారు ఏళ్ల తరబడి పాటించరాదు, తెలిసినవారి దగ్గర చేయాలి.

అమ్మాయికి మెసలమైన్ మాత్రలు ఇచ్చారు. రెండు నెలల్లో నెత్తురు ఆగింది. మేము ఊపిరి పీల్చుకున్నాము.

ఇప్పుడు మా తప్పు చెప్పుకోవాలి. రెండు తప్పులున్నాయి.

మొదటిది, మేము దానితో అన్న మాట: “ఆఫీసులో చెప్పకు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది.” మన పెద్దల సామెత. రాత్రిబడిలో పిల్లలకు నేర్పేటప్పుడు ఎంతో ముచ్చటగా నేర్పాము. పరాయి దేశం, కొత్త ఉద్యోగం, పెళ్లి కావలసిన పిల్ల. జబ్బు అని తెలిస్తే వీసా ఏమవుతుందో, సంబంధాలు ఏమవుతాయో అని మా భయం. అది బుద్ధిగా దాచింది.

ఎలా దాచిందో మేము 2022 చివర్లో అక్కడికి వెళ్లి మూడు నెలలు దాని దగ్గర ఉన్నప్పుడు కళ్లారా చూశాము. పొద్దున్న ఏమీ తినదు, తింటే దారిలో ట్రాఫిక్కులో ఇబ్బంది. నీళ్లు కూడా సగం గ్లాసే. ఆ ఎండల దేశంలో! ఆఫీసులో మధ్యాహ్నం మూడు దాకా ఒక టీ. మీటింగు అంటే ముందు రోజు సాయంత్రం నుంచే అన్నం మానెయ్యడం. చేతిసంచీలో ఒక జత బట్టలు. సహారా సెంటరులో ఏ అంతస్తులో మరుగుదొడ్డి ఏ మూల ఉందో దానికి కళ్లు మూసుకున్నా తెలుసు. బజారుకు పోతే మేము బంగారం కొట్లు చూసేవాళ్లము, అది గోడ మీది బాణం గుర్తులు చూసేది. నెలాఖరున లెక్కలు మూసే మూడు రోజులు ఇంకా కష్టం. సీటులోంచి లేస్తే పక్కవాళ్లు గడియారం చూస్తారని లేచేది కాదు. ఆఫీసులో ఎవరో “మీకు ఫోను మాట్లాడుకోవడం ఎక్కువయింది” అని ఎత్తిపొడిచారట. ఆ మాటకు ఇది నవ్వి ఊరుకుందట. జబ్బు కంటె దాచడమే దానికి పెద్ద ఉద్యోగమయింది.

రెండవ తప్పు ఇంకా పెద్దది. అప్పటికి అది బాగానే ఉంది. “బాగానే ఉన్నావు కదా, ఇన్నిన్ని మాత్రలు ఎందుకు, పేగులు ఎండిపోతాయి” అని మేమే అన్నాము. అన్నది ఎవరో మొరటు మనిషి కాదు, సైన్సు పాఠం చెప్పిన టీచరు. మేము తిరిగి వచ్చాక 2023 వేసవిలో అది మాత్రలు మానేసింది. బాగున్నది మాత్రల వల్లనే అని మాకు తట్టలేదు. ఈ జబ్బులో మందు రెండు పనులు చేస్తుంది: రేగినదాన్ని అణచడం ఒకటి, మళ్లీ రేగకుండా పట్టి ఉంచడం రెండు. రెండవ పని కంటికి కనబడదు. దానికి తోడు నడుము నొప్పికని ఇబుప్రొఫెన్ మాత్రలు ఎవరినీ అడగకుండా వేసుకుంది. అటువంటి నొప్పి మాత్రలు కొందరిలో కొలైటిస్‌ను రేపుతాయని తర్వాత తెలిసింది.

అక్టోబరులో జబ్బు మళ్లీ వచ్చింది. రోజుకు పన్నెండు, పదిహేను సార్లు. ఒక పొద్దున్న షార్జా వైపు నుంచి వస్తూ బండి కదలక, తలుపు తీసుకుని దిగలేక... ఆ సంగతి ఇంతకంటె చెప్పము. ఇక్కడ చెప్పడానికి అమ్మాయి అనుమతి ఇచ్చింది గాని అంతవరకే ఇచ్చింది. ఆ రోజు అది ఆఫీసుకు పోలేదు. నేరుగా ఆసుపత్రికి పోయింది. తొమ్మిది రోజులు పడుకుంది. ఒంట్లో నెత్తురు బాగా తగ్గిపోయింది. స్టెరాయిడ్లు సూది ద్వారా ఎక్కించారు. మేము విమానం టికెట్టు దొరికిన రోజున వెళ్లి చూస్తే, మంచం మీద మా అమ్మాయి కాదు, మా అమ్మ ఆఖరి రోజుల్లో ఎలా ఉందో అలా ఉంది.

ఆ తొమ్మిది రోజుల్లో ఆసుపత్రి కుర్చీలో కూర్చుని మేము ఒక మనిషిని గురించి ఆలోచించాము. ఏటా రాత్రిబడి పిల్లలకు ఆయన పాఠం చెబుతాము, కాని ఆయన కడుపు గురించి ఎప్పుడూ చెప్పలేదు.

ఎల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివారు. గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టినందుకు ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్. బదులు తక్కువ పట్టా ఎల్.ఎం.ఎస్. పుచ్చుకున్నారు. ఇదంతా పిల్లలకు చెబుతాము. సంగ్రహణి వల్ల ఆయన సోదరులు చనిపోయారని, ఆయనకూ అదే జబ్బు వచ్చిందని ఒక్క వాక్యంలో దాటేస్తాము. సంగ్రహణి అంటే ఇంగ్లీషులో ట్రాపికల్ స్ప్రూ. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, మనిషి ఎండిపోతాడు. ఆయనకు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద వైద్యం వల్ల నెమ్మదించింది. తర్వాత ఆయన ఆయుర్వేద కళాశాలలోనే కొంతకాలం పాఠాలు చెప్పి, 1920ల మొదట్లో బోస్టను చేరి, ఆసుపత్రిలో రాత్రి పనులు చేసుకుంటూ పరిశోధన చేశారు. 1940లో లెడర్లీ ప్రయోగశాలకు వెళ్లారు. ఆయన నడిపించిన బృందం 1945లో ఫోలిక్ ఆసిడ్‌ను కృత్రిమంగా తయారు చేసింది. ఆయన మార్గదర్శకత్వంలోనే ఆరియోమైసిన్ అనే టెట్రాసైక్లిన్ జాతి మందు వచ్చింది, 1948లో లోకానికి తెలిసింది. ఆ యేడాదే ఆయన కన్నుమూశారు.

ఇప్పుడు సంగ్రహణికి ఇచ్చే మందు ఏమిటో తెలుసా? ఫోలిక్ ఆసిడ్, దానితో పాటు టెట్రాసైక్లిన్. అంటే తన సోదరుల్ని తీసుకుపోయిన జబ్బుకు కావలసిన రెండు మందులూ ఆయన చేతి కింద నుంచే వచ్చాయి. ఫోలిక్ ఆసిడ్‌కు ఎదురు పనిచేసే మందుల మీద ఆ ప్రయోగశాల చేసిన పని నుంచే మెథోట్రెక్సేట్ పుట్టింది. అది కాన్సరుకు మందని అందరికీ తెలుసు. 1995 నుంచి క్రోన్స్ జబ్బుకు కూడా అది పనికివస్తుందని రుజువయింది. మా అమ్మాయి జబ్బుకు ఆ మందు వేయరు. దానికి వేరేవి ఉన్నాయి. అయినా ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు, కడుపు జబ్బు ఉన్న ఒక భీమవరం మనిషి తలవంపు అనుకోకుండా దాన్నే చదువుగా పట్టుకున్నాడు కదా అనిపించింది. మేము మా పిల్లకు నేర్పింది సామెత ఒక్కటే.

ఆసుపత్రి నుంచి వచ్చిన రెండవ వారం అమ్మాయి మమ్మల్ని అడగకుండానే తన పై అధికారికి చెప్పింది. ఆయన ఈజిప్టు దేశస్థుడు, పెద్దాయన. డాక్టరు కాగితం చూపించి, జబ్బు పేరు చెప్పి, “నాకు కావలసినవి మూడు” అన్నదట. మరుగుదొడ్డి దారికి దగ్గరగా సీటు. మీటింగులో చెప్పకుండా లేచి వెళ్లే స్వేచ్ఛ. జబ్బు రేగిన రోజుల్లో ఇంటి నుంచి పని. ఆయన విని, “ఈ సీటు మార్చడానికి రెండేళ్లు పట్టిందా?” అన్నాడట. అంతే. మర్నాడు బల్ల జరిపించాడు. అందరికీ ఇటువంటి పెద్దాయన దొరుకుతాడని మేము అనము. ఆ యేడు దానికి జీతం పెంపు రాలేదు. కారణం జబ్బా, కాదా, మాకు తెలియదు. అడగవద్దని అదే అన్నది.

మన పిల్లలు చాలామంది ఆ దేశాలకు పోతున్నారు కనుక చట్టం కూడా చెబుతాము. అక్కడ 2022 ఫిబ్రవరి 2 నుంచి అమలులో ఉన్న కార్మిక చట్టం ప్రకారం ప్రొబేషను దాటిన ఉద్యోగికి యేడాదికి 90 రోజుల వరకు జబ్బు సెలవు ఉంది. మొదటి 15 రోజులు పూర్తి జీతం, తర్వాత 30 రోజులు సగం, మిగిలిన 45 రోజులకు జీతం లేదు. జబ్బు సంగతి మూడు పనిదినాల లోపల యజమానికి తెలపాలి, డాక్టరు కాగితం ఇవ్వాలి. అమ్మాయి మొత్తం 23 రోజులు సెలవు పెట్టింది. అందులో 15 రోజులకు పూర్తి జీతం వచ్చింది, 8 రోజులకు సగం. దాచినన్నాళ్లూ ఇది దానికి ఉందని మాకెవరికీ తెలియదు. జ్వరం అని అబద్ధం చెప్పి తన సాలీనా సెలవులే వాడుకుంది. వరసగా అయిదు గంటలకు మించి విరామం లేకుండా పని చేయించరాదని కూడా ఆ చట్టంలోనే ఉంది. రంజాను నెలలో అందరికీ రోజుకు రెండు గంటలు పని తగ్గుతుంది. ఆ నెల అమ్మాయికి ప్రాణం లేచి వస్తుంది, మాత్ర మాత్రం లోపలి గదిలోకి పోయి వేసుకుంటుంది.

వైద్య బీమా సంగతి. దుబాయిలో యజమాని బీమా చేయించి తీరాలని 2013లో చట్టం చేశారు. షార్జా మొదలైన ఉత్తరపు ఎమిరేట్లకు 2025 జనవరి 1 నుంచి ఆ నియమం వచ్చింది. చేరేటప్పుడు పాత జబ్బును దాచవద్దు. దుబాయి కనీస పథకంలో మొదటిసారి చేరేవారికి పాత జబ్బుల మీద ఆరు నెలల నిరీక్షణ ఉంటుంది, ఆ ఆరు నెలలకు మందులు చూసుకుని బయలుదేరాలి. మందులు తీసుకుపోవడంలోనూ జాగ్రత్త ఉండాలి: కోడీన్, ట్రామడాల్ వంటివి ముందస్తు అనుమతి లేకుండా ఆ దేశంలోకి తేకూడదు. ఇక్కడ అమ్మమ్మ పెట్టెలో ఉండే మాత్ర అక్కడ కేసు కావచ్చు.

2024లో అమ్మాయి ఇల్లు మారింది. అదే అల్ నహ్దా, దుబాయి వైపు. అద్దె పెరిగింది, గది చిన్నదయింది. ఆఫీసుకు నడిచి పదిహేను నిమిషాలు. ఎన్ని మందులు వేశారో అన్నీ ఒక ఎత్తు, ఆ పదిహేను నిమిషాలు ఒక ఎత్తు. ఇప్పుడు పొద్దున్న రెండు ఇడ్లీలు తిని బయలుదేరుతుంది. మెసలమైన్ మళ్లీ వేసుకుంటోంది, దానితో అజాథయోప్రిన్ అనే మందు కూడా. దానికోసం అప్పుడప్పుడు రక్తపరీక్ష చేయించుకోవాలి. జబ్బు మొదలై ఎనిమిదేళ్లయ్యాక పేగులో కాన్సరు లక్షణాలు లేవని క్రమం తప్పకుండా కొలనోస్కోపీతో చూడడం మొదలు పెట్టాలి. మా కాలెండరులో 2028 మీద పెన్సిలుతో గుర్తు పెట్టాము.

పెళ్లి మాట మీరు అడగకముందే చెబుతాము. ఒక మంచి సంబంధం వచ్చింది, మన తోటలవాళ్లే. మేము జబ్బు సంగతి మొదటి రోజే చెప్పాము. పది రోజులకు “జాతకాలు కుదరలేదు” అని కబురొచ్చింది. మా వారు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. అమ్మాయి మాత్రం ఫోనులో, “జాతకం కాదమ్మా, కొలనోస్కోపీ కుదరలేదు” అని నవ్వింది. ఈ సభలో పెళ్లి కావలసిన కొడుకులున్న తల్లులు చాలామంది ఉన్నారు. ఈ జబ్బు అంటుకోదు. జబ్బు అణిగి ఉన్న రోజుల్లో పిల్లలు పుట్టడానికి సామాన్యంగా ఇది అడ్డు రాదని డాక్టర్లు చెప్పారు. ఇంతకంటె మేము అడగము.

కిందటి నెల మా రాత్రిబడిలో ఒక పదేళ్ల పిల్ల మాటిమాటికి బయటికి పోతానంటే, వెనకటి అలవాటు కొద్దీ కసురుకోబోయి ఆగాము. తర్వాత వాళ్ల అమ్మగారిని పిలిచి మాట్లాడాము. ఆ పిల్లకు ఇప్పుడు తలుపు పక్క బల్ల ఇచ్చాము, అడగకుండా వెళ్లమన్నాము. వాళ్ల అమ్మగారు ఇక్కడే ఉన్నారు. వచ్చే వారం ఇపోలో డాక్టరు దగ్గరకు వెళ్లడానికి తోడు రమ్మన్నారు, వస్తున్నాము.

సాయంత్రం పూట మేము ఫోను చేస్తే అమ్మాయి అల్ నహ్దా పాండ్ పార్కులో నీళ్ల చుట్టూ నడుస్తూ మాట్లాడుతుంది. నిన్న ఈ ప్రసంగం దానికి చదివి వినిపించాము. రెండు చోట్ల ళకారం దిద్దింది. సామెత దగ్గర మాత్రం, “అది ఉంచండి” అన్నది.